కంచం పక్కన కూర్చున్న రెండో జబ్బు

(అనంతపురంలో తల్లిదండ్రులు, జూనియర్ కాలేజీ లెక్చరర్లు, హాస్టల్ వార్డెన్ల ముందు ఒక మానసిక వైద్యురాలు మాట్లాడిన మాటలు. రికార్డింగ్ విని రాసుకున్నది. మైకు పోయినచోట రెండు మూడు వాక్యాలు దొరకలేదు.)

అందరికీ నమస్కారం. బయట ఉగ్గాని, బజ్జీ పెట్టారు. అవి తిన్నాకే లోపలికి పంపండని నేనే చెప్పాను. ఆకలితో ఉన్నవాళ్లకు తిండి గురించి ఉపన్యాసం చెప్తే చెవికి ఒక్క ముక్కా ఎక్కదు. దీని మీద అమెరికాలో ఒక పెద్ద ప్రయోగమే జరిగింది, మధ్యలో చెప్తాను.

ఈ ఊళ్లో నన్ను చాలామంది నరాల డాక్టరమ్మ అంటారు. నేను చూసేది మనసు జబ్బులు. అయినా గట్టిగా దిద్దను. ఆ పేరు చెప్పుకునైనా మెట్లెక్కి వస్తున్నారు కదా.

తిండి జబ్బు ఉందని నేరుగా నా దగ్గరికి వచ్చినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మిగతావాళ్లంతా తిరిగి తిరిగి వస్తారు. కడుపు ఉబ్బరమని గ్యాస్ డాక్టరు దగ్గర ఎండోస్కోపీ. పీరియడ్స్ ఆగాయని గైనిక్ దగ్గర స్కానింగ్. బక్కచిక్కిందని టీబీ పరీక్ష, థైరాయిడ్ పరీక్ష. ఈలోగా దిష్టి తీయించి ఉంటారు, తాయెత్తు కట్టించి ఉంటారు. నా దాకా వచ్చేసరికి ఫైలు ఇంత మందం. తండ్రి దాన్ని టేబుల్ మీద పెట్టి, "అన్నీ నార్మలే అంటాండారు మేడం, పిల్ల చూస్తే ఇట్లుండాది" అంటాడు.

ఆ పరీక్షలు దండగ అనను. టీబీ, థైరాయిడ్, షుగరు, పేగుల జబ్బు లేవని తేల్చుకోవాల్సిందే. నా బాధల్లా ఒక్కటే. అంత లావు ఫైలులో ఒక్క కాగితం మీద కూడా "ఈ పిల్ల తొమ్మిదో ఏట, పదో ఏట ఎట్లా ఉండేది?" అని అడిగి రాసినవాళ్లు ఉండరు. తిండి చెడకముందు ఏముంది, చెడిన తర్వాత ఏమొచ్చి చేరింది? ఈ సాయంత్రం నేను మాట్లాడేది దీని గురించే.

ఒక అమ్మాయి సంగతి చెప్తాను. నిజానికి ఒక్కతే కాదు, ముగ్గురు నలుగురిని కలిపి ఒకర్ని చేశాను. ఊరు, చదువు, ఇంటి విషయాలు మార్చాను. "ఇది మా పక్కింటి పిల్లే" అని ఎవరికైనా అనిపిస్తే, కాదు.

ఇంటర్ సెకండియర్. వాళ్లది శెనక్కాయ పండించే ఇల్లు. తల్లి నాకోసం ఉడకబెట్టిన శెనక్కాయలు సంచిలో తెచ్చింది. సంచి విప్పి నాకు కొన్ని, కూతురి ముందు కొన్ని పోసి, తాను మాట్లాడుతూ కూర్చుంది. నేను తల్లి మాటలు వింటున్నాను గానీ కళ్లు పిల్ల చేతుల మీదే ఉన్నాయి. ఒక కాయ ఒలిచింది. గింజ మీది పొట్టు గోటితో మెల్లగా తీసింది. కర్చీఫ్ పరిచి దాని మీద పెట్టింది. వేళ్లు తుడుచుకుంది. మళ్లీ ఇంకో కాయ. నాలుగు గింజలు ఒక వరుస. కొంచెం ఎడంగా ఇంకో వరుస. ఒక గింజ చిన్నదైతే దాన్ని తీసేసి, అదే సైజుది వెతికి పెట్టింది. ఇరవై నిమిషాల్లో నోట్లోకి పోయినవి ఎన్నో నాకు తెలుసు, కానీ చెప్పను. ఈ హాల్లో ఆ జబ్బుతో ఎవరైనా కూర్చుని ఉంటే, ఆ అంకె వాళ్లకు పందెం అవుతుంది. అందుకే బరువులూ కేలరీలూ ఈ రోజు నా నోట వినరు.

నేను అడిగింది ఒక్కటే. "నాలుగే ఎందుకు?" మొదట, "ఎక్కువ తింటే కడుపు బరువుగా ఉంటుంది మేడం" అంది. తర్వాత, "లావైపోతాను" అంది, చాలా మెల్లగా. తల్లిని కాసేపు బయట కూర్చోమన్నాక అసలు మాట వచ్చింది. "నాలుగు కాకపోతే నాయినకు ఏమన్నా అయితాది."

ఆ పిల్లకు తొమ్మిదేళ్లప్పుడు తండ్రి బైకు మీద నుంచి పడ్డాడు. అప్పటినుంచి లైటు స్విచ్చి నాలుగుసార్లు తాకాలి, బ్యాగు జిప్పు నాలుగుసార్లు లాగాలి, దేవుడికి నాలుగుసార్లు మొక్కాలి. ఇంట్లో మాత్రం "మా పిల్ల ఎంత పద్ధతో!" అని మురిసిపోయారు. స్కూల్లో నీట్‌నెస్‌కు ప్రైజులు కూడా వచ్చాయి. అది ఓసీడీ. వద్దనుకున్నా వచ్చే ఆలోచన, దాన్ని చల్లార్చడానికి చేసి తీరాల్సిన పని. ఏళ్ల తరబడి అది ఒక్కటే ఆ ఇంట్లో ఉంది, ఎవరికీ కనపడలేదు. తిండి తగ్గించడం పదో తరగతి సెలవుల్లో మొదలైంది. అందరికీ కనపడింది ఆ రెండోదే.

ఇది ఒక్క ఇంటి కథ అనుకోకండి. 2004లో అమెరికా మానసిక వైద్యుల పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. అనొరెక్సియా, బులీమియా అనే తిండి జబ్బులు ఉన్న 672 మందిని తీసుకుని, ఆందోళన జబ్బులు ఎంతమందికి వచ్చాయో చూశారు. మూడింట రెండొంతుల మందికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు వచ్చాయి. ఓసీడీ ఒక్కటే 41 శాతం మందిలో. వాళ్లలో ఎక్కువమంది, ఆ ఆందోళన చిన్నతనంలోనే, తిండి జబ్బుకంటే ముందే మొదలైందని చెప్పారు.

అసలు ఆ జబ్బులేమిటో రెండు మాటల్లో చెప్పాలి, కొత్తగా వినేవాళ్లు ఉంటారు. అనొరెక్సియా అంటే ఒంటికి కావలసినంత తినకుండా ప్రమాదకరంగా బక్కచిక్కిపోవడం, అయినా తాను జబ్బుపడ్డానని ఒప్పుకోకపోవడం. బులీమియా అంటే ఆపుకోలేనంతగా తినేయడం, తర్వాత దాన్ని ఎలాగో వదిలించుకునే ప్రయత్నం చేయడం. బింజ్ ఈటింగ్‌లో ఆ తినడమే ఉంటుంది, వదిలించుకోవడం ఉండదు. తిన్నాక సిగ్గు మాత్రం గంటలకొద్దీ ఉంటుంది. బులీమియాకు ఆ పేరు పెట్టింది 1979లో, లండన్ డాక్టరు జెరాల్డ్ రసెల్. బింజ్ ఈటింగ్‌ను అమెరికా మానసిక వైద్యుల పుస్తకం విడి జబ్బుగా ఒప్పుకున్నది 2013లోనే. అనొరెక్సియా పేరు పాతది, 1873 నాటిది, విలియం గల్ అనే లండన్ డాక్టరు పెట్టింది. 'అనొరెక్సియా నెర్వోసా' అంటే నరాల వల్ల ఆకలి చచ్చిపోవడం. రెండు మాటలూ సరిగ్గా అతకవు. ఆకలి చావదు, లోపల కాలుతూనే ఉంటుంది. ఇక నరాలంటారా, అంత పెద్ద డాక్టరే నరాలన్నాక మన ఊరివాళ్లను ఏమంటాం. (నవ్వులు)

మన దగ్గర ఇంకో చిక్కుంది. పుస్తకాల్లో "లావవుతానని భయం" అని రాసి ఉంటుంది. మన పిల్లలు చాలామంది ఆ మాట అనరు. ఆకలి లేదంటారు, కడుపు ఉబ్బరం అంటారు, ముద్ద దిగదంటారు. హాంకాంగ్ డాక్టర్లూ, మన దేశపు డాక్టర్లూ 1990ల్లోనే ఇది గమనించి రాశారు. దానికి తోడు ఒక్కపొద్దులు. శనివారం ఒక్కపొద్దు, ఏకాదశి, కార్తీక సోమవారాలు. ముస్లిం ఇళ్లల్లో రంజాన్ అయిపోయాక కూడా ఆగని ఉపవాసం. భక్తిని నేను అనుమానించను. మా అమ్మ ఇప్పటికీ శనివారం ఒక్కపొద్దే. కానీ అమ్మ సాయంత్రం పూజ కాగానే ఉప్మా ఇంకొంచెం పెట్టమంటుంది. ఒక్కపొద్దు విడిచే వేళకు పిల్ల మొహం వాడిపోతోందంటే, ఇంకోరోజు ఉండటానికి సాకు వెతుకుతోందంటే, అక్కడ దేవుడి పని అయిపోయింది, నా పని మొదలైంది.

మళ్లీ ఆందోళన దగ్గరికి వస్తాను. తినకపోవడం దానికి మందులా ఎలా మారుతుంది? నా దగ్గరికి వచ్చే పిల్లలు దాదాపు ఒకే మాట చెప్తారు. "తినకుండా ఉన్నప్పుడు తల లోపల గోల తగ్గుతుంది మేడం." పరీక్ష ఎలా ఉంటుందో తెలియదు, నాన్న అప్పు ఎప్పుడు తీరుతుందో తెలియదు. కంచంలో ఎంత మిగల్చాలో మాత్రం మన చేతిలో ఉంది. అది ఒక్కటే చెప్పిన మాట వింటోంది. అలాంటి పిల్లను కూర్చోబెట్టి బలవంతంగా తినిపిస్తే, మనం పెట్టింది అన్నం అనుకుంటాం. ఆ పిల్లకు మాత్రం ఆ గోలంతా ఒక్కసారిగా తిరిగొస్తుంది. అందుకే తిండి పెట్టే రోజునే ఆందోళనకు వైద్యం కూడా మొదలవ్వాలి.

నలుగురిలో తినలేని పిల్లల్ని చూసి అందరిదీ అనొరెక్సియా అనుకోవద్దు. వార్డెన్లకు ఇది ముఖ్యం. మెస్‌లో కంచం ముందు బిగుసుకుపోయే పిల్ల, గదిలో ఒంటరిగా కూర్చుంటే శుభ్రంగా తింటోందా? అయితే ఆమెకు భయం తిండి మీద కాదు, చూసే కళ్ల మీద. దాన్ని సోషల్ యాంగ్జైటీ అంటాం. వైద్యం వేరు. రెండూ కలిసి ఉన్నవాళ్లూ ఉంటారు, ఆ 672 మందిలో ఐదో వంతుకు ఉంది.

ఇప్పటిదాకా ముందే ఉన్న జబ్బు గురించి చెప్పాను. తర్వాత వచ్చి చేరేదాంట్లో పెద్దది డిప్రెషన్. ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి.

ప్రాక్టీసు పెట్టిన కొత్తల్లో ఒక డిగ్రీ అమ్మాయి వచ్చేది. ఏడుపు, నిద్ర లేకపోవడం, ఎవరితోనూ మాట్లాడకపోవడం, చదువు మీద ధ్యాస లేకపోవడం. అన్నీ డిప్రెషన్ లక్షణాలే. మందు రాశాను. నెల చూశాను, డోసు పెంచాను. మందు మార్చాను. ఆరు నెలలు గడిచాయి. చలికాలం కదా, స్వెటర్ మీద శాలువా కప్పుకుని వచ్చేది. మే నెలలో కూడా ఫుల్ హ్యాండ్స్ స్వెటర్‌తో వచ్చిన రోజున నాకు బుర్ర వెలిగింది. అనంతపురం మే నెల! అప్పుడు చూస్తే నా గదిలో బరువు చూసే మిషనే లేదు. పక్క క్లినిక్ నుంచి తెప్పించాను. ఆ అంకె చూసి నాకు చెమట పట్టింది. మనసు డాక్టరుకు తూకం మిషన్ ఎందుకనుకున్నాను ఆ రోజుల్లో. ఇప్పుడు తలుపు పక్కనే ఉంటుంది.

ఆకలే డిప్రెషన్ తెస్తుందా అంటే, తెస్తుంది. నేను మొదట్లో చెప్తానన్న ప్రయోగం ఇదే. రెండో ప్రపంచ యుద్ధం ముగిసే రోజులు. యూరప్‌లో ఆకలితో మాడిపోతున్నవాళ్లకు మళ్లీ తిండి ఎలా పెట్టాలో తెలుసుకోవాలని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది యువకుల్ని తీసుకున్నాడు. యుద్ధానికి వెళ్లం, చంపం అన్నవాళ్లు, ఇలా సేవ చేస్తామని ఇష్టపడి వచ్చారు. ఒంట్లోనూ మనసులోనూ గట్టివాళ్లని పరీక్షించి మరీ ఎంచుకున్నారు. 1945లో 24 వారాలపాటు, అంతకుముందు తినేదానిలో సుమారు సగమే పెట్టారు. ఏమైంది? కుంగిపోయారు. చిన్నదానికీ చిరాకు. స్నేహాలు తగ్గాయి, ఆడపిల్లల మాట ఎత్తడం మానేశారు. రోజంతా తిండి ధ్యాసే. వంటల పుస్తకాలు పోగుచేసుకున్నవాళ్లున్నారు. ఒక్క ప్లేటు తిండిని గంటల తరబడి సాగదీసి, చివరికి ప్లేటు నాకారు. వీళ్లెవరికీ అద్దం ముందు నిలబడి లావయ్యాననుకునే జబ్బు లేదు. ఆకలి ఒక్కటే. తిండి మళ్లీ పెంచాక కూడా మనసులు కుదుటపడటానికి నెలలు పట్టింది.

ఆ శెనక్కాయల పిల్ల ఇంట్లో అందరికీ వంట చేస్తుంది, తెలుసా? తల్లి గర్వంగా చెప్పింది. "ఫోన్లో చూసి రకరకాలుగా చేస్తాది మేడం, ఓళిగలు నాకంటే బాగా చేస్తాది. తానే తినదు." ఎనభై ఏళ్ల క్రితం మిన్నెసోటాలో జరిగిందీ ఇదే.

మనది కరువు సీమ కదా, ఇంకో మాట చెప్పనివ్వండి, కొంచెం పక్కదారి. 1876లో వచ్చిన ధాత కరువు గురించి పెద్దవాళ్లు వినే ఉంటారు. అప్పుడు అనంతపురం బళ్లారి జిల్లాలో భాగం. 1877లో రిచర్డ్ టెంపుల్ అనే దొర వచ్చి, కరువు పనుల్లో రాళ్లు కొట్టే మగమనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం, పైన కొద్ది చిల్లర చాలన్నాడు. పౌను అంటే అరకిలో కూడా రాదు. మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ అనే డాక్టరు ఇది చాలదని పోరాడాడు. ఆ క్యాంపుల్లో మనుషులు నిరాశతో, ఎవరి మీదా ఆశ లేకుండా కూర్చుని ఉంటే, దొరలు దాన్ని సోమరితనం అనుకుని ఉంటారు. మనం కూడా తినని పిల్లను "బద్ధకం, మొండితనం" అంటాం.

ఇందువల్ల వైద్యంలో ఏం మారుతుంది? చాలా మారుతుంది. బాగా బరువు తగ్గిన అనొరెక్సియా పేషెంటుకు డిప్రెషన్ మాత్రలు పెద్దగా పనిచేయవు. ముందు తిండి, బరువు. బరువు పెరిగేకొద్దీ ఏడుపు, నిద్రలేమి చాలామందిలో వాటంతటవే తగ్గుతాయి. అప్పటికీ మిగిలిన డిప్రెషన్ ఉంటే అది అసలుది, దానికి మందు పనిచేస్తుంది. నా డిగ్రీ అమ్మాయికి ఆరు నెలలు నేను ఇచ్చిన మందులన్నీ పునాది లేని గోడకు సున్నం కొట్టడమే. తిండి అన్నాను కదా అని రేపే ఇంటికెళ్లి నెయ్యి కలిపి కుక్కకండి. ఎంతోకాలంగా తినని ఒంటికి ఒక్కసారిగా ఎక్కువ పెడితే రక్తంలో ఫాస్ఫేట్ పడిపోయి గుండె ఆగిపోవచ్చు. బాగా చిక్కిపోయినవాళ్లకు తిండి మొదలుపెట్టడం ఆస్పత్రిలో, రక్తపరీక్షలు చేస్తూ జరగాలి.

బులీమియా గురించి ఇప్పుడు. వీళ్లు చూడ్డానికి మామూలుగా ఉంటారు, అందుకే ఏళ్ల తరబడి దొరకరు. దంతాల డాక్టరు ముందు పట్టుకుంటాడు, వాంతుల వల్ల పళ్ల మీది పింగాణీ పొర అరిగిపోయి ఉంటుంది. గవదబిళ్లలు వచ్చినట్టు చెంపల కింద వాపు. రక్తంలో పొటాషియం తగ్గి గుండె లయ తప్పుతుంది. మనసు సంగతి అంతకంటే బరువు. 2007లో వచ్చిన అమెరికా ఇంటింటి సర్వేలో, బులీమియా వచ్చినవాళ్లలో 95 శాతం మందికి జీవితంలో ఇంకో మానసిక జబ్బు కనీసం ఒకటి ఉందని తేలింది. బింజ్ ఈటింగ్‌లో 79 శాతం, అనొరెక్సియాలో 56 శాతం. నూటికి తొంభై ఐదు అంటే, ఒంటరి బులీమియా కోసం వెతుక్కోవాలి. డిప్రెషన్, ఆందోళన, మద్యం, చేతులు కోసుకోవడం, క్షణంలో పొంగి క్షణంలో పడిపోయే మనస్తత్వం. చిన్నప్పుడు ఎవరో చేసిన అఘాయిత్యం కూడా ఉండొచ్చు. అందరికీ ఉంటుందని కాదు, కానీ అడగాలి. ఒంటరిగా, తలుపు వేసి, తొందరపెట్టకుండా.

ఇక్కడ మందు పనిచేస్తుంది. ఫ్లూక్సెటిన్. డిప్రెషన్‌కు 20 మిల్లీగ్రాములతో మొదలుపెడతాం, బులీమియాకు పరిశోధనల్లో బాగా పనిచేసింది 60. జతగా మాటలతో చేసే వైద్యం, సీబీటీ అంటాం. కానీ డిప్రెషన్ మందులన్నీ ఒకటి కాదు. సిగరెట్ మానడానికి కూడా వాడే బుప్రోపియాన్ అనే మందు బులీమియా, అనొరెక్సియా ఉన్నవాళ్లకు ఇవ్వకూడదు, ఫిట్స్ వచ్చే ప్రమాదం ఎక్కువ. మీ పిల్ల వాంతుల సంగతి దాచిపెట్టి నాతో డిప్రెషన్ మాత్రమే చెప్పిందనుకోండి, నేనే ఆ మందు రాసే ప్రమాదముంది. అందుకే దాచొద్దని బతిమాలుతున్నాను.

మగపిల్లల తల్లిదండ్రులు ఇది ఆడపిల్లల గోల అనుకుంటున్నారేమో. ఒక అబ్బాయి, కోచింగ్ హాస్టల్. పరుపు కింద ఖాళీ బిస్కెట్ ప్యాకెట్లు వార్డెన్‌కు దొరికాయి, కొట్టుకు అప్పు పడ్డాడు. దొంగతనంగా తింటున్నాడని తండ్రిని పిలిపించారు. తండ్రి అందరి ముందూ కొట్టాడు. నేను చిన్నప్పటి ప్రోగ్రెస్ కార్డులు తెమ్మన్నాను. ఒకటో తరగతి నుంచి ప్రతి కార్డు మీద టీచర్లు వేర్వేరు చేతిరాతల్లో ఒకే మాట రాశారు. "తెలివైనవాడు, కుదురు లేదు." ఏడీహెచ్‌డీ, అంటే ధ్యాస, కుదురు నిలవని జబ్బు. ఆగడం అనే బ్రేకు చిన్నప్పటినుంచీ వదులు. చదువులోనూ అంతే, మాటలోనూ అంతే, అర్ధరాత్రి బిస్కెట్ల దగ్గరా అంతే. అమెరికాలో ఏడీహెచ్‌డీకి వాడే ఒక మందునే 2015లో బింజ్ ఈటింగ్‌కూ అనుమతించారంటే, ఈ రెంటికీ ఎంత చుట్టరికమో చూడండి. ఆ తండ్రి కార్డులన్నీ ఒళ్లో పెట్టుకుని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

కొన్ని ఊరికే తడిమి వదిలేస్తాను. ఆటిజం ఉన్న పిల్లలకు రుచి, వాసన, ముద్ద మెత్తదనం పడక తిండి తగ్గిపోవచ్చు. టైప్ 1 షుగర్ ఉన్న పిల్లలు బరువు కోసం ఇన్సులిన్ ఎగ్గొడితే ప్రాణం మీదికొస్తుంది, షుగర్ డాక్టర్లు దీన్ని తప్పక అడగాలి. బలపాలు, మట్టి, పచ్చి బియ్యం తినే ఆడవాళ్లు మన ఇళ్లల్లో ఎంతమందో. దాన్ని పైకా అంటాం. మనసు డాక్టరు కంటే ముందు రక్తం, ఐరన్ చూపించండి.

చివరిగా భయపెట్టే మాట ఒకటి, తప్పదు. 2011లో పాత అధ్యయనాలన్నీ కలిపి లెక్కిస్తే, అనొరెక్సియా ఉన్నవాళ్లలో మరణాలు అదే వయసు వాళ్లకంటే దాదాపు ఆరు రెట్లు ఉన్నాయి. ఆ మరణాల్లో ప్రతి ఐదింట ఒకటి ఆత్మహత్య. ఆకలి ఒక్కటే చంపదు, పక్కన కూర్చున్న రెండో జబ్బూ చంపుతుంది. కాబట్టి అడగండి. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని ఆ మాటతోనే అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టదు. ఔనంటే ఒంటరిగా వదలకండి. పోలీసు కేసవుతుందని దాచిపెట్టే రోజులు పోయాయి. 2017 మానసిక ఆరోగ్య చట్టం, ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని, శిక్షించకూడదని చెప్తోంది. 14416, టెలిమానస్, ప్రభుత్వానిది. రాత్రీ పగలూ తెలుగులో మాట్లాడతారు. ఫోన్లో ఇప్పుడే ఎక్కించుకోండి, నేను ఆగుతాను.

(కాసేపు విరామం. తర్వాత ప్రశ్నలు.)

లెక్చరర్ ఒకాయన: ఫస్టు ర్యాంకు పిల్లలకే ఇది ఎందుకు వస్తోంది మేడం?

వాళ్లకే రాదు సార్, వాళ్లది కనపడుతుంది. కానీ మీరన్నదాంట్లో నిజముంది. నూటికి తొంభై ఎనిమిది వస్తే మిగతా రెండూ ఎక్కడ పోయాయని ఏడ్చే మనస్తత్వం, అనొరెక్సియాకు చాలా దగ్గర చుట్టం. ర్యాంకుల బోర్డు పీకేయమంటే మీ యాజమాన్యం వినదు. ఆ పిల్ల సన్నబడినప్పుడు "స్మార్ట్‌గా అయ్యావే" అనకుండా ఉండటం మాత్రం మీ చేతిలో పని.

వార్డెన్ ఒకామె: బాత్రూంలో వాంతులు చేసుకుంటాందని పక్క గది పిల్లలు చెప్తాండారు. బాత్రూంకు తాళం వేయమంటారా?

వద్దమ్మా. ఇంకో చోటు వెతుక్కుంటుంది, మీ మీద నమ్మకం పోతుంది. భోంచేశాక ఒక గంట మీ దగ్గర ఏదో పని మీద కూర్చోబెట్టుకోండి, రిజిస్టర్లు రాయించండి. అది శిక్షలా ఉండకూడదు. ఆ వారంలోనే రక్తపరీక్ష, పొటాషియం చూపించండి. అందరి ముందూ అడగొద్దు. చెప్పిన పిల్లల పేర్లు బయటపెట్టొద్దు.

తండ్రి ఒకాయన: పెండ్లి చేస్తే కుదురుకుంటాదంటారు కదా మేడం?

ఎవరంటారు? (నవ్వులు) పెళ్లి చేస్తే జబ్బు ఇల్లు మారుతుందంతే. అత్తగారింట్లో దాచుకోవాల్సింది ఇంకో నాలుగు రెట్లు పెరుగుతుంది. ముందు వైద్యం. తర్వాత పెళ్లి, అది కూడా ఆ పిల్ల అడిగితే.

అవ్వ ఒకామె: డాక్టరమ్మా, మా మనవరాలు నా కాడనే తింటాది, వాళ్లమ్మ కాడ తినదు. నేను ఒక ముద్ద తినమ్మా, ఇంకో ముద్ద తినమ్మా అంటాంటే మొగం తిప్పుకుంటాది. ఏం మాట్లాడేది మరి?

తిండి మాట తప్ప ఏదైనా మాట్లాడవ్వా. నువ్వూ కంచం పెట్టుకుని పక్కన కూర్చో. సంకటి వేడిగా ఉందా, ఊరిమిండి కారంగా ఉందా, ఏమీ అడగొద్దు. ఊళ్లో ఎవరు పోట్లాడుకున్నారో చెప్పు. నీ పెళ్లినాడు ఏమి జరిగిందో చెప్పు. ఆవు ఈనితే దూడ సంగతి చెప్పు.

అవ్వ: మాకు ఆవు యాడుందమ్మా, మేకలుండాయి.

మేకల సంగతే చెప్పవ్వా.